ఆరక్షరాల పేరు

మేక పేగుల్ని మూడోసారి కడిగి, నీళ్ళు పిండి, లాంపోన్ వాటిని గిన్నె అంచుకు వేలాడదీశాడు. ఎడమ రొమ్ము కింద మళ్ళీ ఆ పోటు వచ్చింది. "ఇవాళ కాదు, పో," అని దాన్ని గసిరి కత్తి అందుకున్నాడు.

పొట్టి మనిషి. అరవై దాటాయి. మోచేతుల కింద వెంట్రుకన్నది లేదు. మంటలు ఏనాడో తినేశాయి. గ్రీకుల ఊరు అంబ్రాకియాలో పన్నెండుమంది ఇంటిపెద్దలు కలిసి భోంచేసే శాలలో పదిహేనేళ్ళుగా అతనే వంట. ఏడాది చివర ఆ బృందం పొయ్యి తల్లి హెస్తియాకు ఒక రాయి సమర్పిస్తుంది. దాని మీద ముందు పెద్దల పేర్లు, తర్వాత వేణువు ఊదేవాడి పేరు, ఆఖరి వరసలో వంటవాడి పేరు చెక్కిస్తారు.

గోడ వెంట పద్నాలుగు రాళ్ళున్నాయి. పద్నాలుగింటి మీదా వంటవాడు యూక్లెస్ అనే ఉంది. ఆ యూక్లెస్ పొయ్యిలో పుల్ల పెట్టిన పాపాన పోలేదు. లాంపోన్ అతని బానిస. సొమ్మొకడిది సోకొకడిది అంటారే, అచ్చం అదే. ఆ రాళ్ళకు పట్టిన మసి మాత్రం నెలనెలా లాంపోనే తుడిచేవాడు. కిందటి వసంతంలో యూక్లెస్ చనిపోతూ అతన్ని బానిసత్వం నుంచి విడిచిపెట్టాడు. ఇక ఈ ఏటి రాయి మీద పడేది లాంపోన్ పేరే.

చదువు రాదు. అయినా వేణువు ఊదే మోలోన్ చేత బూడిదలో రాయించుకుని తన పేరు బొమ్మలు బొమ్మలుగా నేర్చుకున్నాడు. ఇంటికప్పు, అడ్డకమ్మీ ఉన్న ఇంటికప్పు, జంటకొండలు, గుమ్మం, బోర్లించిన కుండ, వాలుగా దూలం పడ్డ గుమ్మం. మొత్తం ఆరక్షరాలు.

పొద్దు బారెడెక్కేసరికి శిల్పి దామిస్ కంచరగాడిద బండి మీద రాయి తెచ్చి పొయ్యి పక్కన నిలబెట్టించాడు. లాంపోన్ చేతులు తుడుచుకుని ఆఖరి వరస ముందు గొంతుక్కూర్చున్నాడు. వేలితో తడుముతూ పోయాడు. మళ్ళీ మొదటికొచ్చి తడిమాడు.

"కొండలేవీ?" అన్నాడు.

"ఏం కొండలోయ్?"

"ఇంటికప్పులు రెండూ ఉన్నాయి. వాటి పక్కన జంటకొండలుండాలి. ఏకంగా గుమ్మం పెట్టేశావ్. ఐదే ఉన్నాయిక్కడ."

దామిస్ వంగి చూశాడు. ముఖం కందగడ్డయింది. "వంటోడివి, నువ్వు నాకు అక్షరాలు చెప్తావా? ఎవడు చూడొచ్చాడు? పైనున్న పెద్దలంతా సరిగ్గానే ఉన్నారుగా!"

లాంపోన్ లేచాడు. పొయ్యిలో కాలుతున్న దుంగల్ని ఒక్కొక్కటే బయటికి లాగి, కత్తి ఒళ్ళో పెట్టుకుని పీట మీద కూర్చున్నాడు.

బృందం పెద్ద పోలిస్త్రాతోస్ పరుగున వచ్చాడు. "ఏంట్రా ఈ మొండితనం? బలిచ్చిన మేక అట్టాగే ఉంది, రొయ్యలు కుళ్ళిపోతాయి. ఆఖరి వరసేగా, పోనీరాదూ!"

"అయ్యా, పొయ్యి తల్లికి మధువు మొదటి చుక్కా పోస్తాం, ఆఖరి చుక్కా పోస్తాం. ఆఖరిదేగా అని ఎప్పుడైనా ఎగ్గొట్టామా?"

పోలిస్త్రాతోస్ దామిస్ వైపు తిరిగాడు. మోలోన్ మూల నుంచి పకపకా నవ్వాడు. "బాగా అడిగావురా! అయ్యా, కొండలు రానివ్వండి. లేకపోతే ఇవాళ నా పాట తిని కడుపు నింపుకోవాలి మీరు."

"మధ్యలో చోటెక్కడుంది?" అని గొణిగాడు దామిస్.

"పైన చెక్కు. చిన్నదైనా ఫర్వాలేదు, ఉండాలి," అన్నాడు లాంపోన్.

ఉలి పడిన చప్పుడు విన్నాకే లాంపోన్ దుంగల్ని పొయ్యిలోకి నెట్టాడు. ఆ తర్వాత అతన్ని పట్టడం ఎవరి తరమూ కాలేదు. కాలేయం సీకుకు గుచ్చి కాల్చాడు, పేగుల్లో నెత్తురూ కొవ్వూ కూరి కట్టాడు, ఉల్లికాడలేసి రొయ్యలు వేయించాడు. రెండుసార్లు గోడ పట్టుకుని ఆగాడు. మోలోన్ చూశాడు.

"కూర్చోరా, చచ్చిపోతావు."

"వడ్డించకుండానా? వడ్డించినోడి పేరే కదా రాయి మీద ఉండేది. ఇంకోడు వడ్డిస్తే నాదెందుకుంటుంది?"

పన్నెండు మంచాల మీద ఒరిగిన పన్నెండుమందికీ అతనే వడ్డించాడు. పళ్ళెం ఒక్కసారీ ఒరగలేదు. పోలిస్త్రాతోస్ రొయ్య కొరికి, "ఒరే లాంపోన్, యూక్లెస్ ఇట్టా ఏనాడూ వండలేదురా!" అన్నాడు. యూక్లెస్ వంట రుచి చూసిందెవరు గనక? లాంపోన్‌కు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తన వంతు ముక్క ఆకులో పెట్టుకుని రాయి దగ్గరికి వెళ్ళి చతికిలబడ్డాడు.

మోలోన్ పాట ముగించాడు. పెద్దలు లేచి ఆఖరి చుక్క పొయ్యిలో పోశారు, బుస్సుమంది. "లాంపోన్, దీపం తేరా," అన్నారెవరో. బయట ఇంకా ఎండ పోలేదు గానీ లోపల చీకటి పడింది. అతను పలకలేదు. మోలోన్ దగ్గరికి వెళ్ళి భుజం కదిపి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, తన పైబట్ట తీసి అతనికి కప్పాడు.

"శుభమైన రాయి మీద పోయినవాడి పేరు..." అంటూ నసిగాడు దామిస్.

"ఆఖరి చుక్క పోసేదాకా ఉన్నాడు," అన్నాడు పోలిస్త్రాతోస్. "రాయి జోలికెళ్ళావంటే చేతులు విరగ్గొడతాను."

వాళ్ళతన్ని మోసుకెళ్ళారు. రాయి మీద ఆఖరి వరసకు పైన, గోరంత జంటకొండలకు అడ్డంగా, మేక కొవ్వు జిడ్డుతో ఒక బొటనవేలి ముద్ర ఉంది.