క్రిసాంతో అనే నావికుడు చేసిన నలభై రోజుల టీచరు పని

నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో శిక్షణకి వచ్చిన టీచర్లు చాలామందే నా క్లాసు వెనక బెంచీలో కూర్చుని వెళ్ళారు. అందరూ ఇరవై ఏళ్ళ పిల్లలే. చేతుల నిండా కాలిన మచ్చలతో నలభై నాలుగేళ్ళ మనిషి వచ్చి "గుడ్ మార్నింగ్ మేడం" అని నిలబడడం అదే మొదలు.

పేరు క్రిసాంతో. పద్దెనిమిదేళ్ళు సరుకు ఓడల్లో, ఇంజను గదిలో పనిచేశాడు. సముద్రం ఒడ్డునున్న మా గింబాల్ ఊళ్ళో ఇంటికో నావికుడుంటాడు, అదేం వింత కాదు. ఓడ మానేసి దూరవిద్యలో టీచరు కోర్సు చదవడమే వింత. భార్య రోసాలిండ మూడేళ్ళుగా థాయిలాండ్‌లోని ఉబోన్‌లో ఇంగ్లీషు చెబుతోంది. తొమ్మిదేళ్ళ కూతురు ఈసా తల్లి దగ్గరే ఉంది. అతని చేతికి టీచరు సర్టిఫికెట్ వస్తే వాళ్ళ దగ్గరే సైన్సు చెప్పుకోవచ్చని ఆశ. పాఠాలన్నీ ఫోన్లోనే విన్నాడు. మిగిలింది నిజం క్లాసులో నలభై రోజులు, చివర కాలేజీ పరిశీలకురాలి ముందు పరీక్ష పాఠం.

ఎనిమిదో తరగతి, నలభై ఆరుమంది. మొదటి రోజే చూశాను, అతను ఒక్కచోట నిలబడలేడు. బోర్డు దగ్గర మొదలుపెట్టి కిటికీ దాకా, అక్కణ్ణుంచి వెనక గోడ దాకా, మళ్ళీ ముందుకి. ఎవరైనా చెయ్యెత్తితే గబగబా వాళ్ళ దగ్గరికే వెళ్ళిపోయేవాడు. భోజనాల వేళ కూడా ఎండుచేప, అన్నం డబ్బా చేత్తో పట్టుకుని వరండాలో అటూ ఇటూ తిరుగుతూ తినేవాడు.

"కూర్చుని తిను తమ్ముడూ, నీ అన్నం ఎవరూ ఎత్తుకుపోరు," అన్నాను ఒకరోజు.

"అలవాటు పోవట్లేదు మేడం. ఉబోన్‌లో బడులు తెరిచేది మే నెలలో. ఇంకా ఎన్ని రోజులో లెక్కపెడుతుంటే కాలు నిలవదు."

సముద్రం మనిషి, నేల మీద ఇమడట్లేదనుకున్నాను. పిల్లలు మాత్రం ఇంకోటి కనిపెట్టారు. గది ఎడమవైపు నుంచి ఏం అడిగినా సారు పలకడు. రెండో వారానికల్లా ఎడమ వరసల్లో గుసగుసలు, పాటలు మొదలయ్యాయి. జోవెలిన్ అనే పిల్ల ఒకసారి పిల్లిలా అరిచింది. క్లాసంతా పగలబడి నవ్వింది. ఎందుకు నవ్వుతున్నారో తెలియక అతనూ నవ్వాడు. ఆ నవ్వు చూసి నా ప్రాణం ఉసూరుమంది.

ఆ సాయంత్రం తలుపు మూసి అడిగాను. "ఎడమ చెవి వినపడదు కదూ?"

చేతిలోని సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. తర్వాత, "ఆవిరి గొట్టం పగిలింది మేడం. కర్ణభేరి పోయింది. రెండుసార్లు కోశారు, లాభం లేకపోయింది. ఒక్క కాగితంతో ఓడ దించేశారు," అన్నాడు. "మీ రిపోర్టులో రాయకండి. ఇక్కడా దించేస్తే నేనింక ఎక్కడికి పోను?"

"కాలేజీకి చెప్పలేదా?"

"ఫోన్లో చదువు కదా మేడం. ఎవరడిగారు? మంచి చెవికి పెట్టుకుని విన్నాను."

ఆ తర్వాత రెండు రోజులు నాకూ మనసు నిలవలేదు. రాయకపోతే నా సంతకం అబద్ధం, రాస్తే ఒక ఇల్లు విరుగుతుంది. చివరికి పిలిచి చెప్పాను. "నేను రాయను. కానీ చెప్పాల్సింది నువ్వే. లేకపోతే థాయిలాండ్‌లోనూ ఇంకో పిల్ల పిల్లిలా అరుస్తుంది."

అతను తల అడ్డంగా ఊపి వెళ్ళిపోయాడు. వారం రోజులు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు.

పరీక్ష రోజు వచ్చింది. పాఠం ధ్వని. పరిశీలకురాలు సరిగ్గా ఎడమ మూలలో కూర్చుంది. పది నిమిషాలు బాగానే నడిచింది. అప్పుడు ఎడమ వరసలో నుంచి జోవెలిన్ లేచి, "సర్, శబ్దం నీళ్ళలో కూడా వెళ్తుందా?" అని అడిగింది. ఈసారి వెటకారం కాదు, నిజంగానే అడిగింది. అతను చూడలేదు. మళ్ళీ అడిగింది. అటు పక్క పిల్లలు కిసుక్కుమన్నారు. పరిశీలకురాలు ఏదో రాసుకుంది.

నడుస్తున్నవాడు ఆగిపోయాడు. ఎవరో ఏదో అడిగారని అర్థమైంది, ఎవరో తెలియలేదు. నా వైపు చూశాడు. నేను కదల్లేదు.

"నాకు ఈ చెవి దాదాపు వినపడదు," అన్నాడు. "మీకు ఎప్పుడో తెలిసిపోయిందని నాకూ తెలుసు. అడిగిందెవరు?"

జోవెలిన్ మొహం కందిపోయింది. మెల్లిగా చెయ్యెత్తింది.

"ఇలా రా." బల్ల మీదున్న శ్రుతిదండాల్లో ఒకటి తీసి ఆమె చేతికిచ్చాడు. "కొట్టి నా ఎడమ చెవి దగ్గర పెట్టు."

పెట్టింది. "ఏం లేదు," అన్నాడు. "ఇప్పుడు మళ్ళీ కొట్టి, కాడని చెవి వెనక ఎముకకి ఆనించు."

ఆనించగానే కళ్ళు మూసుకున్నాడు. "ఆ... వస్తోంది. గాలిలో నుంచి రానిది ఎముకలో నుంచి వస్తోంది. నీళ్ళలోనూ వెళ్తుంది తల్లీ, గాలిలోకన్నా వేగంగా."

తర్వాత గంట కొట్టేదాకా పిల్లలు చెవులు మూసుకుని, ఒకరి ఎముకల మీద ఒకరు శ్రుతిదండాలు ఆనించుకుంటూనే ఉన్నారు. ఎవడో మోకాలి మీద పెట్టుకుని, "వినపడట్లేదు సర్, నా మోకాలు చెవిటిది," అన్నాడు. అతను నవ్వాడు. ఈసారి ఎందుకు నవ్వుతున్నాడో అతనికి తెలుసు.

పరిశీలకురాలు పాసు చేసింది. మొదటి సగంలో క్లాసు అదుపు తప్పిందని మార్కులు కోసింది, అదీ న్యాయమే.

ఉబోన్ బడివాళ్ళు వీడియోలో మాట్లాడారు. చెవి సంగతి ముందే చెప్పేశాడు. మర్యాదగా వద్దన్నారు. ఆ వారం అతని మొహం చూడలేకపోయాను, చెప్పమని పోరిందే నేను. ఇంకో రెండు బడులు జవాబే ఇవ్వలేదు. ఏప్రిల్ ఆఖరున థాయిలాండ్‌లోనే చయ్యఫూమ్ అనే ఊళ్ళో ఒక బడి అతన్ని తీసుకుంది. రోసాలిండ ఉండే ఊరికి బస్సులో ఐదారు గంటలు. వెళ్ళాలా మానాలా అని నన్ను అడగలేదు. బ్యాగు సర్దుకున్నాక వచ్చి చెప్పాడు.

జూన్‌లో ఫోన్ చేశాడు. క్లాసులో కుర్చీలన్నీ తన కుడివైపు వంపుగా వేయించుకున్నాడట. శనివారాలు ఉబోన్ వెళ్తున్నాడట. బస్టాండులో తను మాట్లాడిన థాయి విని ఈసా, "నాన్నా, ఆటో అతన్ని నువ్వు అత్తయ్యా అని పిలిచావు," అని నేల మీద కూలబడి నవ్విందట.

"మరి ఆదివారం మళ్ళీ అంత దూరం రావాలి కదా, కష్టం కాదూ?" అన్నాను.

"కష్టమే మేడం. కానీ ఓడలో ఉన్నప్పుడు వాళ్ళతో గడిపే శనివారం ఏడాదికి ఒక్కటే దొరికేది," అన్నాడు. "ఉండండి, బస్సు వచ్చింది. మళ్ళీ చేస్తా."