దౌలత్ బీ తూకం

ఓర్వకల్లు పక్క పల్లెల్లో కాన్పులన్నీ ఇప్పుడు ఆసుపత్రుల్లోనే అయినా, ఇంటికొచ్చిన పసిబిడ్డను ముందు దౌలత్ బీ చేతుల్లో పెట్టాల్సిందే. పాతకాలపు మంత్రసాని. రెండు అరచేతుల మీద ఎత్తి "రెండూ ముక్కాలు" అందంటే కాటా కూడా అంతే చూపించేది. ఆ గర్వం ఆమెకు కాస్త ఎక్కువే.

కూతురు షాహీనా రెండో కాన్పుకు పుట్టింటికొచ్చింది. ఏడో నెలకే కడుపు నిండు నెలల దానిలా ఉంటే దౌలత్ బీ మురిసిపోయింది.

"మూడు కిలోలకు తగ్గడు నా మనవడు, చూస్తాండండి!" అని వీధంతా చాటింది. స్కానింగుకు పోదామంటే, "నా చేతుల కంటే మిషను గొప్పదా?" అని పదిరోజులు ఆపింది. కదలికలు తగ్గాయని కూతురు ఏడ్చాక గానీ కర్నూలు బస్సెక్కలేదు.

డాక్టరు అరుణజ్యోతి తెర తిప్పి చూపించింది. బిడ్డ పొట్టలో నీరు, గుండె చుట్టూ నీరు, చర్మం కింద నీరు.

"తల్లిది నెగటివ్ రక్తం, బిడ్డది పాజిటివ్. తల్లి ఒంట్లోంచి పోయే విరుగుడు బిడ్డ రక్తాన్ని తినేస్తాంది. ఆ విరుగుడు పుట్టకుండా తొలికాన్పప్పుడు మూడు రోజుల్లోపల సూది ఏయించుకోలేదా?"

అప్పుడు దర్గాలో గంధం పండగ ఉందని, రక్తం రిపోర్టు రాకముందే, రెండోరోజే బాలింతను ఇంటికి లాక్కొచ్చింది దౌలత్ బీయే.

"బతుకుతాదా తల్లీ?"

"కడుపులోనే రక్తం ఎక్కించి చూద్దామవ్వా."

షాహీనా అమ్మ చెయ్యి వదలకపోవడంతో ఆమెనూ లోపల ఉండనిచ్చారు. తెర మీద సూది సన్నటి తెల్లగీతలా దిగి, వేలంత లావు లేని బొడ్డుతాడులో ఆగింది. ఎవరో దాత ఇచ్చిన రక్తం, చిన్న టీగ్లాసుకు సగం కూడా ఉండదు, మెల్లగా అందులోకి పోయింది. వందల బొడ్డుతాళ్లు కోసిన మనిషి దౌలత్ బీ. అందులోంచి లోపలికి ప్రాణం పోయడం ఎన్నడూ చూడలేదు. "యా అల్లా!" అంటూ ఉండిపోయింది. రెండోనాడు బిడ్డ తన్నింది.

ఇంకో రెండుసార్లు అలాగే ఎక్కించారు. ఎనిమిదో నెల దాటుతుండగా ఆపరేషన్ చేసి తీశారు. ఆడపిల్ల. ఇంకా కొంత నీటితో ఉబ్బి, రెండు కిలోల ఎనిమిది వందలు తూగింది. ఒకప్పుడైతే దౌలత్ బీ మిఠాయి పంచేది. ఇప్పుడు అందులో నీరెంతని డాక్టరమ్మను అడిగింది.

పొట్టలోంచి నీరు తీశారు. ఊపిరికి గొట్టం వేశారు. రక్తం మార్చి, నీలిరంగు దీపాల కింద పడుకోబెట్టారు. వరండాలో మిగతా అవ్వలంతా నర్సు కృపమణిని "ఎంత పెరిగినాది?" అని అడుగుతుంటే, దౌలత్ బీ ఒక్కతే "ఎంత తగ్గినాదమ్మా?" అని వెంటబడేది. ఈ ముసలామెకు ఏమన్నా అయిందా అన్నట్టు వాళ్లు చూసేవాళ్లు.

రెండువారాలకు గొట్టం తీశారు. బిడ్డ కీచుమని ఏడ్చింది. కృపమణి తెచ్చి ఆమె అరచేతుల్లో పెట్టింది.

"ఎంతుంటాదో చెప్పవ్వా, చూద్దాం."

రెండు కిలోలకు కాస్త తక్కువని చేతులు అప్పుడే చెప్పేశాయి. దౌలత్ బీ కళ్లనిండా నీళ్లు తిరిగాయి.

"తూకం అడగొద్దమ్మా," అంది. "ఇప్పుడుండేదంతా బిడ్డే."