భయం చెప్పడం

టైలరమ్మ మిషను మీద చొక్కా కాలరు కుడుతూనే జవాబులు చెబుతోంది. ఎదురుగా స్టూలు మీద కూర్చున్న అమ్మాయి ఒక పరిశోధన సంస్థ తరఫున వచ్చింది. మనుషులు చిన్నతనంలో పడ్డ బాధలను కొలిచి, అవి పెద్దయ్యాక ఏం చేస్తాయో తేల్చడం ఆ సంస్థ పని. గుమ్మం దగ్గర టైలరమ్మ కూతురు చిట్టి, సర్దిపెట్టిన సంచీ మీదెక్కి ఊగుతోంది. తల్లికి ఫ్యాక్టరీలో ఉద్యోగం దొరికింది, పిల్లను చూసుకునే దిక్కు లేదు. అందుకని సాయంత్రం టైలరమ్మ నాన్న వచ్చి మనవరాలిని తనతో తీసుకుపోతాడు. ఇక చదువూ సంధ్యా అక్కడే.

"చిన్నప్పుడు ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని హింసించారా అండీ?"

"ఛఛ, అవేం మాటలమ్మా? మా నాన్న బంగారం. అమ్మ పోయాక ఒంటిచేత్తో పెంచాడు."

"ఎప్పుడైనా నిర్బంధించారా?"

"నిర్బంధమా? నేనేమన్నా దొంగనా?"

అన్నిటికీ 'లేదు' అనే పడింది. లెక్క ప్రకారం ఆమె బాల్యం మచ్చలేనిది. అయ్యా, అమ్మా, మన కొలతలు బోల్తా పడేది సరిగ్గా ఇక్కడే. హింస అంటే పక్కింట్లో జరిగేది, పేపర్లో పడేది. మనింట్లో జరిగినదానికి మనం ఎప్పుడో వేరే పేరు పెట్టేసుకుని హాయిగా ఉంటాం.

అమ్మాయి కాగితాలు సర్దుకుంటూ ఊరికే అడిగింది. "అయితే అల్లరి చేస్తే మీ నాన్నగారు ఏమీ అనేవారు కాదా?"

"ఎందుకనడు? భయం చెప్పేవాడు."

"అంటే?"

"అదేనమ్మా, అందరిళ్ళల్లో ఉండేదే. బెల్టుతో నాలుగు తగిలించి, సామాన్ల గదిలోకి నెట్టి బయట గొళ్ళెం పెట్టేవాడు. ఏడుపు ఆపేదాకా తీసేవాడు కాదు." టైలరమ్మ పకపకా నవ్వింది. "ఇప్పటికీ స్నానాల గది తలుపు గడియ పెట్టుకోలేననుకో. మా ఆయన ఉన్నప్పుడు దానికి తెగ ఏడిపించేవాడు నన్ను."

అమ్మాయికి నవ్వు రాలేదు. ప్రశ్న ఉన్నది ఉన్నట్టు చదవాలి, సొంత మాట ఒక్కటీ కలపకూడదని సంస్థ గట్టిగా చెప్పి పంపింది. అయినా ఆగలేకపోయింది.

"మీ పాపకి కూడా అలాగే భయం చెప్తారా?"

"నా చిట్టికా? నా చేతులు పడిపోవూ!"

అనేశాక టైలరమ్మ మిషను తొక్కడం ఆపింది. సంచీ మీద ఊగుతున్న పిల్లను చూసింది.

"ఇది నాకన్నా అల్లరిదమ్మా" అంది మెల్లగా.

అమ్మాయి జవాబులు దిద్దుకుని వెళ్ళింది. 'హింస' అన్న మాట తీసేయండి, అల్లరి చేస్తే ఇంట్లో ఏం చేసేవారని అడగండి అంటూ ఆ రోజే సంస్థకు రాసింది. వాళ్ళు వింటారో లేదో ఇంకా తెలియదు.

సాయంత్రం తాత వచ్చాడు, మనవరాలికి బెలూను పట్టుకుని. చెడ్డవాడేం కాదు పాపం, ఆ మాట ఒప్పుకోవాలి.

"చిట్టిని పంపడం లేదు నాన్నా" అంది టైలరమ్మ. "ఉద్యోగం కుదిరితే కుదిరింది, లేకపోతే ఈ మిషనే ఉంది."

"అదేంటే? నిన్ను పెంచలేదూ నేను?"

"పెంచావు. నువ్వు పస్తుండి నాకు పెట్టావు. కాదనను." సర్దిన సంచీని లోపలికి జరిపింది. "కానీ నువ్వు చెప్పిన మంచీ చెడ్డా ఏదీ నాకు గుర్తులేదు నాన్నా, ఆ గదిలో భయం ఒక్కటే మిగిలింది. పిల్లలకి బుద్ధి చెప్పాలి గానీ, భయం చెప్పకూడదు."