తిరుగు ఛార్జీ

షాయిఫ్‌కి ఎడమ కన్ను పోయి నాలుగేళ్లయింది. మూడేళ్లుగా కుడి కంటికీ పొర దిగుతూ వచ్చి, ఇప్పుడు వెలుతురు తప్ప ఏమీ ఆనడం లేదు. యాఫా కొండల్లో సంత జరిగే రోజున సనా నుంచి కళ్ల డాక్టరు ఒకడు వచ్చి, టార్చి వేసి చూసి, పొర తియ్యొచ్చు గాని వెనక నరం ఎండుతోంది, ఈ నెల దాటితే నా దగ్గరికి వచ్చినా లాభం లేదు అని చెప్పి పోయాడు.

ఆ రోజు నుంచి అతని పెళ్లాం దౌలాకి నిద్రలో కూడా అదే లెక్క. ఆపరేషన్‌కి లక్షా ఇరవై వేలు. ఇద్దరికీ పోను ఛార్జీ ముప్ఫై వేలు. నాలుగు రోజులు తల దాచుకోవడానికీ కడుపుకీ ఇరవై. తిరిగి రావడానికి మళ్లీ ముప్ఫై. మూడేళ్లుగా కాఫీ గింజ అమ్మి, పొట్టు కాచుకుని తాగి, చక్కెర మానేసి, చివరికి పాడి మేకని కూడా సంతకి తోలేసి కూడబెట్టింది. యుద్ధం దేశాన్ని రెండు ముక్కలు చేసింది; ఆ గీతకి ఇవతల చెల్లే కొత్త నోట్లు అవతల, సనా వైపు, చెల్లవు. అక్కడ చూస్తే లాక్కుంటారు. అందుకని మార్చేవాడి దగ్గర గుప్పెడు కొత్తవి ఇచ్చి చిటికెడు పాతవి తెచ్చుకుంది. అన్నీ కలిపితే లక్షా డెబ్భై తేలాయి. తిరుగు ఛార్జీ లేదు.

వెళ్లడానికి ఉంటే చాలదా అన్నాడు షాయిఫ్. చాలదు, గుడ్డివాడివైనా చూపున్నవాడివైనా నిన్ను ఇంటికి తెచ్చుకోవాలి కదా అంది ఆమె.

తెల్లవారుజామున నమాజు కాగానే బయల్దేరారు. అద్దె బండిలో తొమ్మిది మంది. ఆడది దౌలా ఒక్కతే. కిటికీ పక్కన ఆమె, ఆమెకీ పరాయి మగాళ్లకీ మధ్య గోడలాగా షాయిఫ్. ఒళ్లో గుడ్డ మూట, అందులో పద్నాలుగు రొట్టెలు, పది ఉడికించిన గుడ్లు, ఒక ఫ్లాస్కు. దారిలో హోటల్ గుమ్మం తొక్కకూడదని ఇంట్లోనే ఒట్టు పెట్టుకుంది. మత్తుకి నమిలే ఖాత్ ఆకు కొనేది లేదని మొగుడికీ చెప్పింది. షాయిఫ్ దానికీ ఉపాయం కనిపెట్టాడు. పక్కవాడితో మాట కలిపి, వాడు ఆకు నములుతూ ఉదారంగా ఉన్న వేళ చూసి చెయ్యి చాచాడు.

నోరు ఊరుకునే మనిషి కాదు అతను. బండి రెండు మలుపులు తిరగకముందే తన కన్ను సంగతి, డాక్టరు చెప్పిన గడువు, ఆసుపత్రి పేరు, అది ఏ వీధిలో ఉందో, పెళ్లాం పిసినారితనం అన్నీ చెప్పేశాడు. ముందు సీటులో కూర్చున్న ముక్బిల్ అనే వర్తకుడు వెనక్కి తిరిగి శ్రద్ధగా విన్నాడు. నలభై ఏళ్లుంటాయి. ఇస్త్రీ చొక్కా, వేలికి ఎర్రటి అఖీకు రాయి ఉంగరం.

గీతకి ఇవతల చివరి సంతలో పదకొండింటికి బండి ఆగింది. దౌలా మొగుడి చేతిలో ఒక రొట్టె, ఒక గుడ్డు పెట్టేలోపే ముక్బిల్ అతన్ని చెయ్యి పట్టుకుని హోటల్లోకి నడిపించుకు పోయాడు. ఆమెకి కూడా తెర చాటుకి మాంసం పులుసు పంపించాడు. వద్దని చెప్పడానికి మనిషి లేడు. పులుసు చల్లారిపోతోంది. తినేసింది.

చేతులు కడుక్కుని వస్తుంటే ముక్బిల్ నీళ్ల తొట్టి దగ్గర ఎదురయ్యాడు. ముఖం ఆమె వైపు తిప్పకుండా మాట్లాడాడు.

"పిన్నీ, ఒక్క సాయం. ఈ మూట నీ దగ్గర ఉంచు. అవతలివాళ్లు ఆడమనిషిని ముట్టరు. వంతెన దగ్గర వాళ్ల కాపలా దాటి, ధమార్ ఊరు దాటాక నాకిచ్చెయ్యి. మీ ఇద్దరి ఛార్జీ నాది."

"ఏముంది అందులో?"

"డబ్బే. వర్తకుడి దగ్గర ఇంకేముంటది."

"నీ డబ్బు నీ దగ్గరే పెట్టుకోవచ్చు గదా నాయనా."

"నా దగ్గరుంటే వాళ్లది. నీ దగ్గరుంటే నాది."

ముప్ఫై వేలు. సరిగ్గా తిరుగు ఛార్జీ. దౌలాకి ఆశ ముందు పుట్టింది, భయం తర్వాత పుట్టింది. భయం పుట్టేసరికి మూట చేతిలో ఉంది. తెర చాటుకి వెళ్లి, రవిక లోపల తన నోట్ల సంచికి అవతలి పక్కన నాలుగు పిన్నీసులతో బిగించుకుంది. షాయిఫ్‌కి చెప్పలేదు. అతనికి చెప్తే బండి మొత్తానికి చెప్పినట్టే.

బండి కదిలింది. మొదటి గతుకులోనే తెలిసింది. నోట్ల కట్ట ఒంటికి ఒత్తుకుంటుంది, పొడవదు. ఇది పొడుస్తోంది. గుడ్డ లోపల గట్టి వస్తువు ఏదో ఉంది. గతుకు గతుక్కీ దాని మూల ఆమె పక్కటెముక మీద కొడుతోంది. ఒంటి మీద కప్పుకున్న దుప్పటి కింద చెయ్యి పెట్టి తడిమింది. అరచేతి అంత ఉంది. చల్లగా ఉంది. ఇంత ఒంటి వేడికీ వెచ్చబడలేదు. ఇంక తడమలేదు.

మొదటి కాపలా దగ్గర తుపాకీలు పట్టుకున్న పిల్లగాళ్లు మగవాళ్ల కాగితాలు చూశారు. ఒకడు కిటికీలోంచి ఆమె మోకాళ్ల వైపు చూసి, తప్పు చేసినవాడిలా తల తిప్పుకున్నాడు. రెండోచోటా అంతే. మూడోచోట అసలు ఆపలేదు. దౌలా ఊపిరి కాస్త కుదురుకుంది. ముప్ఫై వేలు అప్పటికే తనవైనట్టు, తిరుగు ప్రయాణంలో షాయిఫ్‌ని కిటికీ పక్కన కూర్చోబెట్టాలని కూడా అనుకుంది.

ఎండ వాలుతుండగా ఎదురుగా వచ్చిన లారీ లైట్లు కొట్టింది. రెండు బండ్లూ పక్కపక్కన ఆగాయి. లారీవాడు కిందికి వంగి చెప్పాడు. వంతెన దగ్గర నిన్నటి నుంచి రేకుల గది వేశారట. అందులో ఆడమనిషిని కూర్చోబెట్టారట. బండిలో ఆడవాళ్లుంటే ఒక్కొక్కరినీ లోపలికి పంపి బట్టలు విప్పించి మరీ చూస్తున్నారట. పొద్దున ఒకావిడ దగ్గర ఏదో దొరికితే ఆమెనీ, ఆమె మొగుణ్ణీ ఎక్కడికో తీసుకుపోయారట. బండి ఇంకా అక్కడే ఉందట.

లారీ పోయింది. డ్రైవరు అద్దంలోంచి దౌలాని చూశాడు.

"పిన్నీ, నీ దగ్గరేం లేవు గదా?"

ఆమె నోరు తెరిచేలోపే షాయిఫ్ అందుకున్నాడు. "మా దౌలా దగ్గర పిసినారితనం తప్ప ఏముంటది? అది మాత్రం ఎంత వెతికినా అయిపోదు, జాగ్రత్తగా వెతకమను."

బండిలో అందరూ నవ్వారు. ముక్బిల్ ఒక్కడే నవ్వలేదు. తల కూడా తిప్పలేదు. అతని మెడ వెనక చెమట కాలరులోకి జారడం ఆమెకి కనిపించింది. అప్పుడు అర్థమైంది. పట్టుబడితే ఆ మనిషి ఈమె ఎవరో ఎరగనంటాడు.

ఇంకా అరగంట దూరం ఉందన్నారు. ఇప్పుడు బయటికి తీసి ముక్బిల్ ఒళ్లో పడేస్తే బండిలో అందరూ చూస్తారు, వాళ్లలో ఒక్కడు వంతెన దగ్గర నోరు విప్పినా చాలు. కిటికీలోంచి పారేస్తే ధమార్ దాటాక ఇమ్మంటాడు, ఎక్కడి నుంచి తెచ్చి ఇస్తుంది? ఉంచుకుంటే రేకుల గది. తనని పట్టుకుంటే ఈ గుడ్డి మనిషి ఎటు పోతాడు? పక్కన షాయిఫ్ వెలుతురు వచ్చే వైపు ముఖం పెట్టి, దారిని వాసన చూస్తున్నట్టు కూర్చున్నాడు.

"ఏమయ్యా," అంది అతని చెవిలో, "కడుపులో బాగాలేదు. బండి ఆపమను."

"పరాయివాడి పులుసు అరగలేదా?"

"ఆపమను."

ఆ గొంతు విని షాయిఫ్ ఎదురు చెప్పలేదు. డ్రైవరు సణిగాడు. పొద్దు గూకితే వంతెన మూసేస్తారు, గొలుసు అడ్డం వేస్తే రాత్రంతా కొండ మీదే అన్నాడు. అయినా ఒక తూము దగ్గర ఆపాడు.

దౌలా గట్టు దిగింది. మగవాళ్లు ముఖాలు అటు తిప్పుకున్నారు. తూము పక్కన కూర్చుని పిన్నీసులు గబగబా ఊడదీయబోయింది. బొటనవేలికి గుచ్చుకుని రక్తం వచ్చింది. రెండు ఊడాయి, రెండు రవికకే ఉండిపోయాయి. మూట చేతిలోకి వచ్చింది. విప్పి చూడలేదు. చూస్తే తెలుస్తుంది, తెలిస్తే చెప్పించుకునేవాళ్లుంటారు. తూములో చెయ్యి పట్టినంత లోపలికి తోసి, మూడు రాళ్లు అడ్డం పెట్టింది.

తిరిగి వస్తూ బండి ముందు నుంచి చుట్టుకుని ముక్బిల్ కిటికీ దగ్గర చెప్పు సరిచేసుకుంటున్నట్టు వంగింది.

"నీది తూములో ఉంది, ఎడమ చేతి వైపు, మూడు రాళ్ల వెనక. నీ ఛార్జీ నాకొద్దు."

అతని పెదవులు కదలలేదు. "మళ్లీ తీసుకురా. అరవై ఇస్తా."

దౌలా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. అరవై వేలు అంటే మేక. చక్కెర. ఒక క్షణం నిజంగానే తూము వైపు చూసింది. తర్వాత వెనక తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది.

డ్రైవరు తాళం తిప్పగానే, ముక్బిల్ సంచి తీసుకుని దిగాడు. ఇక్కడ తెలిసినవాళ్లున్నారు, రేపు వస్తా అన్నాడు. చుట్టూ కొండ తప్ప ఏమీ లేదు. ఇక్కడ ఏ ఊరుందయ్యా అన్నాడు డ్రైవరు. ముక్బిల్ తన సీటు ఛార్జీ పూర్తిగా లెక్కపెట్టి ఇచ్చాక, డ్రైవరు ఇంకో ప్రశ్న అడగలేదు. అప్పుడు ముక్బిల్ వెనక కిటికీ దగ్గరికి వచ్చి షాయిఫ్ భుజం మీద చెయ్యి వేశాడు.

"పెద్దాయనా, కళ్ల ఆసుపత్రి అన్నావు గదా. నాలుగు రోజులుంటావు. పని చూసుకుని నేనే వచ్చి పలకరిస్తా." కళ్లు మాత్రం దౌలా ముసుగు మీద ఉన్నాయి. "ఏదన్నా తగ్గితే పిన్నిని అడుగుతా."

"రా నాయనా, తప్పకుండా రా," అన్నాడు షాయిఫ్. బండి కదిలాక, ఈ కాలంలో ఇంత మంచి మనుషులు ఎక్కడున్నారని వంతెన దాకా మెచ్చుకుంటూనే ఉన్నాడు.

రేకుల గదిలో ఉక్క పోస్తోంది. సోదా చేసే ఆడమనిషికి చేతులకి మోచేతుల దాకా నల్ల తొడుగులు. కళ్లు తప్ప ఏమీ కనిపించలేదు. ముసుగు తియ్యమంది, దుప్పటి తియ్యమంది. నోట్ల సంచి తీసి ఒక్కొక్క నోటూ గుమ్మం వెలుతురుకి ఎత్తి చూసింది. దౌలా ఆ నోట్లతో పాటు ఊపిరి పీల్చింది, వదిలింది. ఎక్కడికి అని అడిగితే కళ్ల ఆసుపత్రికి అంది. తర్వాత ఆ చేతులు రవిక మీదికి వచ్చాయి. సరిగ్గా మూట ఉన్నచోట ఆగాయి. అక్కడ రెండు పిన్నీసులు ఉత్తినే వేలాడుతున్నాయి.

"ఇక్కడేముండేది?"

ఎక్కడి నుంచి వచ్చిందో మాట వచ్చింది.

"రొట్టె."

"రొట్టెకి పిన్నీసులా?"

"మూటలో ఉంటే మా ముసలాయన ఒక్క పూటలో తినేస్తాడమ్మా. కంటికి కనపడకపోయినా ముక్కుకి కనపడుతుంది. నాలుగు రోజులు గడవాలి."

ఆడమనిషి ఆమె బొటనవేలి మీద ఎండిన రక్తం చూసింది. చాలాసేపు చూసింది. బయట ఎవరో ఇంకో బండి వచ్చిందని కేక వేశారు. నోట్ల సంచి చేతిలో పెట్టి, పో అంది.

బండి ఎక్కాక దౌలా దవడలు కొట్టుకోవడం ఆపలేకపోయింది. చలిగా ఉందా అని షాయిఫ్ తన శాలువా కప్పాడు.

సనాలో డ్రైవరుకి ముప్ఫై వేలు ఇచ్చింది. మర్నాడు ఆసుపత్రిలో లక్షా ఇరవై కట్టింది. షాయిఫ్‌ని లోపలికి తీసుకుపోయారు. వరండాలో చాప పరుచుకుని గుమ్మం వైపు తిరిగి కూర్చుంది. అతని మూట అతనికి దొరికిందో లేదో. మూడు రాళ్లే పెట్టింది. ఏ మేకలు కాసేవాడో తవ్వి ఉంటే? వానొచ్చి తూము పారి ఉంటే? దొరికినా, తగ్గిందంటే కాదనేదెవరు? బూట్ల చప్పుడు వినిపించినప్పుడల్లా లేచి నిలబడింది. మూడు రోజులు అలాగే. ఇక్కడ ఎవరూ మీ చాప ఎత్తుకుపోరమ్మా అని నర్సు విసుక్కుంది.

నాలుగో రోజు పొద్దున కట్టు విప్పారు. షాయిఫ్ ముందు తన చేతుల్ని చూసుకున్నాడు, తర్వాత పెళ్లాన్ని. ఏందే ఇంత చిక్కిపోయావు అన్నాడు. ఏడుపు వచ్చింది గాని ఆమె ఏడవలేదు. చాప చుట్టింది.

"సాయంత్రం దాకా ఉందామే," అన్నాడు. "ఆ మంచి మనిషి వస్తానన్నాడు గదా. తిరుగు ఛార్జీకి ఏదన్నా సాయం చేస్తాడేమో. ముఖం కూడా చూడలేదు, ఇప్పుడన్నా చూస్తా."

"లే. నడువు."

వంటింటి వైపు గుమ్మంలోంచి బయటపడ్డారు. సంచిలో నాలుగువేలు మిగిలాయి. వాటితో బండి రాదు. ఊరి చివర దక్షిణం రోడ్డు మీద నిలబడితే ఎవడో లారీవాడు దయతలచి ఎక్కించుకుంటాడని ఆమె ఆలోచన. దుప్పటి కిందికి లాక్కుని, రోడ్డుకి వీపు పెట్టి నిలబడింది.

షాయిఫ్ రోడ్డుకి ఎదురుగా నిలబడ్డాడు. ఇన్నాళ్ల తర్వాత లోకం కనిపిస్తోంది. వచ్చే ప్రతి బండినీ పిల్లాడిలా పేరు పెట్టి చెప్తున్నాడు. అదిగో నీలం లారీ, ఉల్లిపాయలు. అదిగో మోటారు సైకిలు, ముగ్గురు. ఒక్కొక్కదానికీ దౌలా వేళ్లు సంచి మూతి చుట్టూ బిగుసుకుంటున్నాయి.

"తెల్ల బండి ఒకటి వస్తోందే," అన్నాడు. "మెల్లగా వస్తోంది. ముందు సీట్లో ఇస్త్రీ చొక్కా మనిషి ఎవరో, తల బయటపెట్టి అటూ ఇటూ చూస్తున్నాడు."

దౌలా వెనక్కి తిరగలేదు.

"చెయ్యి ఊపమంటావా?"