కుంకుమబొట్టు కింద మూడు అక్షరాలు

నేను ఒక తాళంచెవిని. నాలో ఇనుము లేదు, ఇత్తడి లేదు. వరసగా పేర్చిన నలభై అక్షరాలూ అంకెలే నా ఒళ్లంతా. విజయవాడలో రక్తపరీక్షల రిపోర్టులు ఫోన్లకు పంపే ఒక చిన్న కంపెనీలో పుట్టాను. అక్కడ ఇరవై మూడు ప్రోగ్రాములు, ఒక్కొక్కటీ కంటైనర్ అనే తన డబ్బాలో కూర్చుని పనిచేస్తాయి. ఏ డబ్బా ఏ కంప్యూటరు మీద ఉండాలో, ఆగిపోయినదాన్ని ఎప్పుడు లేపాలో చూసుకునే మేస్త్రీ లాంటి సాఫ్ట్‌వేర్ ఒకటుంది. ఈ సంసారమంతటినీ క్లస్టర్ అంటారు. నన్ను చూపిస్తే చాలు, మేస్త్రీ అందులో ఏ తలుపైనా తీస్తాడు.

ఇంత అధికారం ఉన్నదాన్ని దాచిపెట్టాలి కదా! నన్ను తయారుచేసిన ఫణి మాత్రం పని తేలికవుతుందని ఇరవై మూడు ప్రోగ్రాములకీ నన్నే ఇచ్చేశాడు. ఉత్త మెసేజీలు పంపే ప్రోగ్రాము చేతిలోనూ నేనే. రక్షణ సంగతులు చూసే అరుంధతి “ఎవరి గదికి వాళ్ల తాళం ఇద్దామండీ” అని ఏడాదిగా పోరుతూనే ఉంది. “పండగ వెళ్లాక చూద్దామమ్మా” అనేవారు యజమాని పాపారావుగారు. ఆయనకి ఏడాది పొడుగునా ఏదో ఒక పండగే.

దసరా వచ్చింది. ఆయుధపూజకి లాప్‌టాప్‌లన్నీ తుడిచి బొట్లు పెట్టారు. “మన అసలు ఆయుధం ఇది కదండీ” అంటూ ఫణి నన్ను పెద్ద అక్షరాల్లో కాగితం మీద అచ్చువేసి పీట మీద పెట్టాడు. పాపారావుగారు స్వయంగా అంచులకు పసుపు రాసి, నా చివర కుంకుమబొట్టు పెట్టారు. హారతి అందుకుని నేనూ పొంగిపోయాను. ఆ ఫొటో నేరుగా కంపెనీ పేజీకెక్కింది.

ఇంట్లో పులిహోర కలుపుతున్న అరుంధతి, ఆ ఫొటోని పెద్దది చేసి చూసింది. చెయ్యి కూడా కడుక్కోకుండా ఫోను చేసింది.

“ఫణీ, పీట మీద ఉన్నది నిజం తాళమేనా?”

“పూజకి డూప్లికేటు పెడతామా అండీ!”

“ఫొటో తీసెయ్. ఇప్పుడే.”

“తీసేశానండీ... కానీ ఎవరో అప్పుడే తలుపు కొడుతున్నారు. చివరి మూడక్షరాలూ మార్చి మార్చి చూస్తున్నారు. ఒక చోట ఆపితే ఇంకో చోట నుంచి వస్తున్నారు.”

ఆ మూడూ కుంకుమ కింద ఉన్నాయి.

పాపారావుగారు ఫోను లాక్కున్నారు. “చూశావా అమ్మా, అమ్మవారే కాపాడింది!”

“మహా అయితే రెండు గంటలు కాపాడుతుంది సార్. ఆ తర్వాత అరవై వేలమంది రిపోర్టులు వాడి చేతిలో ఉంటాయి.”

“అయితే ఆ తాళాన్ని రద్దు చేసెయ్!”

“చేస్తే ఇరవై మూడు ప్రోగ్రాములూ ఒక్కసారే ఆగిపోతాయి. ఆసుపత్రిలో రిపోర్టు కోసం కూర్చున్నవాళ్లకి ఏం చెబుతారు? ముందు దేని తాళం దానికి చెయ్యాలి. ఫణీ, ప్రసాదం తర్వాత తిందువుగాని, కూర్చో.”

ఏడాదిగా కుదరని పని రెండు గంటల్లోపే కుదిరింది. వింత ఏమిటంటే, ఆ చిన్న తాళాలన్నీ అరుంధతి నాచేతే చేయించింది. రిపోర్టుల ప్రోగ్రాముకి రిపోర్టుల గది ఒక్కటే. మెసేజీలదానికి ఫోను నంబర్ల అర, అంతే. గదుల మధ్య ఊరికే తెరిచి ఉంచిన దారులన్నీ మూయించింది. ఇరవై మూడోది కొత్త తాళంతో పని మొదలుపెట్టగానే, “ఇక చాలు తల్లీ” అని నన్ను రద్దు చేసేసింది.

మరో పదకొండు నిమిషాలకి ఆ ఆగంతకుడికి మూడక్షరాలూ దొరికాయి. నన్ను ఒక్క తప్పు లేకుండా పట్టుకొచ్చి మేస్త్రీకి చూపించాడు.

“నువ్వెవరో నాకు తెలియదు” అన్నాడు మేస్త్రీ.

నా బతుకులో అంత హాయిగా విన్న మాట మరొకటి లేదు.