పంపు బిగించిందెవరు

“లోపలికి పో, ఎవరో వస్తున్నారు,” భార్యతో అన్నాడాయన.

ఆమె స్పానర్ చేతిలో ఉండగానే లేచి, మెకానిక్ షెడ్డుకీ వంటింటికీ మధ్య వేలాడే గోనెపట్టా తప్పించుకుని అవతలికి వెళ్ళి నిలబడింది. తొమ్మిదేళ్ళుగా ఇదే వరస. ఆయన కుడి మణికట్టు విరిగి, అతుక్కోవడమైతే అతుక్కుంది గానీ బోల్టు బిగించే పట్టు పోయింది. “మూడు నెలలు చేసిపెట్టు చాలు” అని పని నేర్పాడు. ఆ మూడు నెలలు ఇంకా అవలేదు. బండ్లు విప్పేదీ బిగించేదీ ఆమె. వచ్చినవాళ్ళు “మేస్త్రీ, నీ చేతిలో ఏదో ఉందయ్యా” అంటే మీసం చాటున నవ్వుకునేది ఆయన. సొమ్మొకడిది, సోకొకడిది. “ఆడదాని చేత చేయిస్తున్నానని తెలిస్తే ఈ గుమ్మం ఎవడు తొక్కుతాడే?” అన్నాడొకసారి, లోకజ్ఞానం చెబుతున్నట్టు. ఆమె కాదనలేదు. పొద్దున్నే వంటిల్లు, తర్వాత షెడ్డు, మళ్ళీ వంటిల్లు. ఎంత తోమినా గోళ్ళ కింద నలుపు పోదు. ఓసారి చుట్టాలందరి ముందూ తోడికోడలు “అక్కా, చేతులు కాస్త తోముకోరాదూ” అంటే ఆయనే అందుకుని, “అంట్ల మసిలేమ్మా, మీ అక్కకి శుభ్రం తక్కువ” అన్నాడు. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఆయన అన్నందుకు కాదు, తను నవ్వినందుకు.

ఆ రోజు వచ్చింది లెక్కల టీచరు. పోయిన తండ్రి స్కూటరు, పాతకాలంది, ఎవరికీ ఇవ్వకుండా తనే నడుపుకుంటోంది. “రెండ్రోజులు నిలబెడితే చాలు, ఇక స్టార్టవదండీ. తోసుకుంటూ బడికి వెళ్తుంటే పిల్లలు నవ్వుతున్నారు.”

“నాకొదిలెయ్యండమ్మా, గురువారం నాలుగింటికి రండి,” అన్నాడాయన.

పట్టా వెనకాల ఆమెకి అప్పుడే అర్థమైంది. ఆ బండికి ట్యాంకు కింద ఉంటుంది, పెట్రోలు పైకి తోడటానికి వాక్యూమ్ పంపు. ఇంజను గాలి పీలుస్తుంటే లోపలి రబ్బరు పొర ఆడుతుంది, పొర ఆడితే పెట్రోలు ఎక్కుతుంది. అది చిరిగిందంటే, బండి నిలబెట్టాక గొట్టంలో పెట్రోలు కిందికి జారిపోతుంది. ఇక పెట్రోలు రావాలంటే ఇంజను తిరగాలి, ఇంజను తిరగాలంటే పెట్రోలు రావాలి. విప్పి చూస్తే అదే అయింది. ఆ పంపు ఇప్పుడెక్కడా దొరకదు. కరెంటు పంపు పెడదామని చెప్పింది ఆమే. ఒత్తిడి తక్కువుండేది ఏరి తెప్పించింది. అదురు తగలకుండా రబ్బరు దిమ్మె మీద కూర్చోబెట్టింది, ఫిల్టరు పెట్టింది, పాత గొట్టం ఊడదీసిన చోట గాలి చొరబడకుండా మూత బిగించింది, తీగకి ఫ్యూజు వేసింది. అయినా ఒక భయం పీకుతూనే ఉంది. పాత పంపు ఇంజను ఆగితే తనూ ఆగేది. దీనికి ఆ తెలివి లేదు. కీ తిప్పి ఉన్నంతసేపూ, బండి పడిపోయినా సరే, పెట్రోలు తోస్తూనే ఉంటుంది. అందుకని బండి పక్కకి ఒరిగితే కరెంటు ఆపేసే చిన్న స్విచ్ మధ్యలో పెట్టింది. కీ తిప్పగానే పంపు సన్నగా గుర్రుమంది. గొట్టంలో పెట్రోలు పాకుతూ ఎక్కుతుంటే, చూసేవాళ్ళెవరూ లేకపోయినా ఆమె మొహం వెలిగింది.

గురువారం ఆయన నడిపి చూసొచ్చాడు. గతుకులో పడ్డప్పుడు బండి ఒక్కసారి టక్కున ఆగిందట.

“స్విచ్ పట్టీ వదులుగా ఉన్నట్టుంది. రేప్పొద్దున సరిచేస్తాను.”

“నాలుగింటికిస్తానని చెప్పాక రేపంటే నా మాటకి విలువేముంటుంది?” అంటూనే ఆయన స్విచ్ పీకేసి సొరుగులో పడేసి, రెండు తీగలూ మెలేసి టేపు చుట్టాడు. ఆపాటి పనికి ఆ మణికట్టు చాలు.

“అది లేకపోతే ప్రమాదమండీ.”

“నీకు పని నేర్పింది నేనా, నాకు నువ్వా? పోయి పొయ్యి చూడు, ఏదో మాడుతోంది.”

నిజంగానే మాడుతోంది. ఆమె వెళ్ళింది. నాలుగింటికి టీచరు వచ్చి, ఒక్క దెబ్బకి స్టార్టయిందని ఆయనకి రెండుసార్లు థాంక్సు చెప్పి వెళ్ళింది. ఆమె పట్టా సందులోంచి చూస్తూనే ఉంది.

పన్నెండో రోజు, వాన వెలిసిన సాయంత్రం, మలుపులో బండి జారింది. టీచరు కాలు దాని కిందే ఇరుక్కుపోయింది. ఇంజను ఆగింది. పంపు ఆగలేదు. కార్బురేటరు నిండి పొంగి, కాలుతున్న సైలెన్సరు మీదికి పెట్రోలు కారుతూనే ఉంది. జనం పరుగెత్తుకొచ్చి లాగేలోపే భగ్గుమంది. మర్నాడు ఆస్పత్రిలో ఆ కాలు మోకాలి కిందికి తీసేశారు.

ఆ మధ్యాహ్నమే ఎస్సై వచ్చాడు. వెనకాల టీచరుగారి అన్న, ఎర్రబడ్డ కళ్ళతో.

“ఈ పంపు బిగించిందెవరు?”

ఆయన చొక్కా చెయ్యి పైకి లాగి వంకర మణికట్టు చూపించాడు. “నాకు చెయ్యి పనిచెయ్యదండీ. మా ఆవిడ చేసింది. వద్దంటే వినదు.”

తొమ్మిదేళ్ళలో ఆ పని ఆమెదని ఆయన నోటి నుంచి రావడం అదే మొదలు.

వంటింట్లో అత్తగారు ఆమె మోచెయ్యి పట్టుకుంది. “ఒప్పేసుకో తల్లీ. ఆడకూతురివి, నిన్నేం చేస్తారు? వాడు లోపలికెళ్తే ఇల్లేమైపోతుంది?” ఆమె చెయ్యి విడిపించుకుంది. ఇల్లేమైపోతుందో ఆలోచించే ఓపిక లేదు. ఆ కాలే కళ్ళముందు కదులుతోంది. మొత్తం ఆయన మీదికి తోసెయ్యొచ్చు, అబద్ధమేం కాదు. కానీ ప్రమాదమని తెలిసింది తనకి. టీచరు నవ్వుతూ కీ అందుకుంటుంటే గొంతెత్తి ఒక్క మాట అంటే సరిపోయేది. ఆయన కోప్పడతాడని, మాట పెరుగుతుందని ఊరుకుంది. మాట పెరగకుండా ఉండటం కోసం ఎన్నేళ్ళుగా ఎన్నిటికి ఊరుకుందో! ఈసారి దానికి ఇంకొకరి కాలు పోయింది.

బయటికొచ్చింది.

“నేనేనండీ. ఈ బండే కాదు, తొమ్మిదేళ్ళుగా ఇక్కడ బాగైన ప్రతి బండీ నేను చేసిందే. దీనికి పడిపోతే పంపు ఆగే స్విచ్ కూడా పెట్టాను. అది పీకింది ఆయన. ఆ సొరుగులో ఉంది, చూడండి.”

“ఏం వాగుతున్నావే!” ఆయన మీదికొచ్చాడు. ఎస్సై చెయ్యి అడ్డం పెట్టాడు.

“అంటే తప్పు మీ ఆయనదంటావు.”

“పీకింది ఆయన. పీకుతుంటే చూసి, బండి ఇచ్చేస్తుంటే నోరు మూసుకున్నది నేను. రెండూ రాయండి. సంతకం పెట్టి ఆస్పత్రికి వెళ్ళాలి. ఆ అమ్మాయికి ఇది నా నోటితో చెప్పాలి.”

అన్న అప్పుడు మాట్లాడాడు. “నా చెల్లెలు నీ మొహం చూడదు.”

“చూడక్కర్లేదు బాబూ,” అందామె. “చెప్పాల్సింది నేను.”