తలుపు కింది చింతచెక్క

ఆ ఉదయం బంగళాలో ముగ్గురే ఉన్నారు. వరండాలో వాచ్‌మన్ ఆదికేశవులు, ముందు గదిలో కంప్యూటర్ల మధ్య గూడూరు అమ్మాయి నిస్సీ, వంటింట్లో కుప్పమ్మ. పాకాల దారిలో ఉన్న ఆ బంగళా ఆకాశం మీద పరిశోధన చేసేవాళ్లది. కుప్పమ్మ అప్పటికే అల్లం దంచి టీలో వేసింది. ఇరవై రెండేళ్లుగా వేస్తున్నదే. ఆ రోజుతో ఆఖరు. పదకొండింటి బస్సుకు ఆమె పుత్తూరు వెళ్లిపోతుంది. అక్కడ కొడుక్కి కూతురు పుట్టి ఇరవై రోజులైంది.

"నువ్వు పోతే నా ఒళ్లు తగ్గుతాదిలే," అన్నాడు ఆదికేశవులు గ్లాసు అందుకుంటూ.

"తగ్గితే ప్యాంటు జారతాది. బెల్టు కొనుక్కో."

పైకి అలా అన్నా ఆమెకు లోపల గుబులుగా ఉంది. మొన్న గది ఊడుస్తుంటే నిస్సీ ఎవరికో ఫోన్‌లో చెప్పింది, ధ్రువాల దగ్గర ఆక్సిజన్ భూమిని వదిలి పైకి పోతోందని. ధ్రువం అన్న మాట కుప్పమ్మ ఒక్కచోటే విని ఉంది, జనన ధ్రువపత్రంలో. కొడుకు వారంగా దానికోసమే తిరుగుతున్నాడు. దాంతో అదంతా తన మనవరాలి గురించే అన్నట్టు వినబడింది. రెండు రోజులుగా ఆమె ఊపిరి కూడా చిన్నగా పీల్చుకుంటోంది.

రెండు చేతుల్లో ట్రే ఉంటుంది గనుక ముందు గది తలుపును మోచేత్తో నెట్టి, పక్కనే ఉండే చింతచెక్క ముక్కను కాలి బొటనవేలితో దాని కిందికి దూర్చడం ఆమెకు అలవాటు. తలుపెయ్యమని, ఏసీ చల్లదనం పోతుందని లోపలి నుంచి రోజూ ఒకే మాట వచ్చేది. ఆ రోజూ వచ్చింది. టీ పెట్టినా కుప్పమ్మ కదల్లేదు.

"పాపా, ఆ ఆక్సిజను... పుట్టిన బిడ్డలకి చాలినంత ఉండాదా?"

నిస్సీ నవ్వలేదు. కుర్చీ తిప్పుకుని తెర మీద భూమి బొమ్మ చూపించింది. ధ్రువాలంటే భూమి పైకొన, కిందికొన అంది. సూర్యుడి వేడి తగిలి అక్కడి ఆక్సిజన్ కణాలు, బరువైనవే అయినా, పైకి లేచిపోతాయంది. రోజుకు పది లారీల బరువు. పాకాల రోడ్డు మీద వరసగా పోయే లారీలు కుప్పమ్మ కళ్లలో మెదిలాయి. ఉన్నదాని ముందు అది ఏపాటిదీ కాదని, భూమి ఇప్పటిదాకా బతికినంత కాలం మళ్లీ బతికినా అయిపోదని నిస్సీ చెప్పింది.

"పోయింది పోయినట్టేనా?"

"అంతా పోదవ్వా. భూమికి అయస్కాంతం ఉంది కదా, కొంత పట్టుకుంటుంది. చాలా దూరం పోయి మళ్లీ ఇటే వస్తుంది."

"రానీ. కొంతన్నా రానీ."

కుప్పమ్మ ఛాతీ నిండా గాలి పీల్చుకుంది.

బస్సు వేళకు సంచి భుజానికి తగిలించుకుని ఆమె ముందు గది గడప దాటింది. నిస్సీ తలుపు పట్టుకుని అలాగే నిలబడింది. గదిలోని చల్లదనమంతా వరండాలోకి వస్తోంది. బస్సు హారన్ వినిపిస్తోందని ఆదికేశవులు కేకేశాడు.

"తలుపెయ్ పాపా. సల్లదనం పోతాది."

నిస్సీ, కుప్పమ్మ లాగే కాలి బొటనవేలితోనే, తలుపు కింది చెక్కను లాగి తలుపు వేసింది.

గడప లోపల, టీ చుక్కలకు నల్లబడిన ఆ చెక్క మీద, కుప్పమ్మ వేలు ఆనే చోట చిన్న పల్లం.